తెల్ల లేసు పసుపెందుకయింది?

“వదినా! టేబుల్ క్లాత్ తిప్పి పంపించేశారు” అని ఫోన్ చేసింది మా చిన్నాడపడుచు. గొంతులో ఏడుపు లేదు. ఏడవడం అయిపోయాక చేసే ఫోన్లు ఎలా ఉంటాయో మీకు తెలియనిదా!

ఆమెది నరసాపురం పక్కన పల్లెటూరు. అత్తగారి దగ్గర నేర్చుకున్న లేసు అల్లిక. పద్దెనిమిది రోజులు కూర్చుని అల్లిన టేబుల్ క్లాత్ అది. హైదరాబాదులో ఒకావిడ ఫోన్లో ఫొటో చూసి, “ఈ గంధం రంగు మా అమ్మాయి పెళ్ళికి భలే ఉంటుంది” అని తెప్పించుకుంది. తీరా పార్సిలు విప్పితే గంధమూ లేదు, చందనమూ లేదు. మీగడ తెలుపు. ఆవిడ తప్పేముంది? తను చూసిన రంగు అడిగింది.

మరి మా ఆడపడుచు మోసం చేసిందా అంటే, అదీ లేదు. కొడుకు కాలేజీ నుంచి తెచ్చి మూలన పెట్టిన పాత లాప్‌టాప్‌లో ఫొటోలు సరిచేస్తుంటుంది. దాని తెర నీలం పాకంలో ముంచినట్టు ఉంటుంది. అందులో లేసు నీలంగా కనిపించేసరికి, “అయ్యో, ఇది నా లేసు రంగు కాదే!” అని కాస్త పసుపు కలిపింది. ఇంకాస్త కలిపింది. తన తెరమీద అచ్చం చేతిలో ఉన్న లేసులా వచ్చాక ఫొటో పంపింది. నీలం తెరకు సరిపోయిన పసుపు, అవతలావిడ మంచి ఫోన్లో గంధమై కూర్చుంది!

“కొత్తది కొనుక్కుంటానంటే మీ అన్నయ్యగారు ఫోన్ చాలదా అంటున్నారు వదినా” అంది. నేను అన్నయ్యగారితో మాట్లాడాను. పాపం ఆయన చెడ్డవారేం కాదు. “ఏదో కాలక్షేపానికి అల్లుకుంటోంది, దానికి అరవై వేల మిషనెందుకు చెల్లెమ్మా?” అన్నారు.

ఆ మాట కొత్తది కాదండీ. పంతొమ్మిదో శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా మన గోదావరి డెల్టాకి వచ్చిన ఈ అల్లిక, ఇక్కడి ఆడవాళ్ళ చేతుల్లోంచి విదేశాలకి వెళ్ళింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త నరసాపురం లేసు అల్లేవాళ్ళమీద 1982లో ఓ పుస్తకమే రాసింది. వాళ్ళు రోజంతా అల్లినా దాన్ని ‘ఇంట్లో ఊరికే కూర్చున్న ఆడవాళ్ళ తీరిక పని’గానే లెక్క కట్టారనీ, లాభం మాత్రం వ్యాపారులదయిందనీ అందులో చూపించింది. 2024లో నరసాపురం క్రోషే లేసుకి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. గుర్తింపు వచ్చినా ‘కాలక్షేపం’ అన్న మాట మాత్రం ఇంట్లో అలాగే ఉంది.

నేను అన్నయ్యగారితో వాదించలేదు. “తిరిగొచ్చిన టేబుల్ క్లాత్ ఖరీదెంత, నెలకి ఇలాంటివెన్ని?” అని లెక్క అడిగాను. ఆయన లెక్కల మనిషి. రెండో రోజు ఆయనే ఆడపడుచుని రాజమండ్రి బస్సెక్కించారు.

తెర ముందు, తక్కినవి తర్వాత

షాపుకెళ్ళగానే కుర్రాడు గడగడా చదివేస్తాడు. ఐ ఫైవు, పదహారు జీబీ, అయిదొందల పన్నెండు, బ్యాగు ఫ్రీ, మౌసు ఫ్రీ అని. తెర ఎలాంటిదో మాత్రం చెప్పడు. మీరే అడగాలి. ఫొటోల పనికి లాప్‌టాప్ అంటే ముందు తెర. చీరలు అమ్మే వాళ్ళకయినా, పెళ్ళి ఆల్బమ్‌లు డిజైన్ చేసే అమ్మాయిలకయినా, కడియం నర్సరీల పూలమొక్కల ఫొటోలు పెట్టేవాళ్ళకయినా ఇదే మాట.

అడగాల్సిన మాట ఒకటే: “వంద శాతం ఎస్‌ఆర్‌జీబీ ఉందా?” ఫోన్లలోనూ ఇంటర్నెట్‌లోనూ తిరిగే ఫొటోల్లో చాలావాటికి ఈ ఎస్‌ఆర్‌జీబీయే కొలమానం. తక్కువ ధర లాప్‌టాప్‌ల కాగితంమీద ‘45 శాతం ఎన్‌టీఎస్‌సీ’ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. అంటే ఆ కొలమానంలో మూడో వంతుకు పైగా రంగులు ఆ తెరకి చూపించడమే రాదన్నమాట. ఉప్పాడ జాందానీలో మిరపపండు ఎరుపు, నెమలికంఠం నీలం అందులో వెలిసిపోయినట్టు ఉంటాయి. మీరేమో ఫొటో బాగోలేదనుకుని రంగు పెంచుతూ పోతారు. మా ఆడపడుచు పసుపు కలిపినట్టే!

తెర నీలంగానో పసుపుగానో ఉండడం వేరే జబ్బు. దాన్ని సెట్టింగ్స్‌లో కొంత దిద్దుకోవచ్చు. రంగులు సరిచూసే చిన్న పరికరం ఉన్న ఫొటోగ్రాఫరు తెలిసుంటే ఇంకా మంచిది. కానీ తెరకి అసలు రాని రంగుని మాత్రం ఎవరూ తెప్పించలేరు. ఇంకో మాట. సాయంత్రం కాగానే తెరని పసుపుగా మార్చే ‘నైట్ లైట్’ అనే సదుపాయం ఒకటుంది. కళ్ళకి హాయే గానీ ఫొటోలు సరిచేసేటప్పుడు అది ఆపెయ్యాలి.

ఐపీఎస్ రకం తెర తీసుకోండి. పక్కనుంచి చూసినా రంగు మారదు. పాత టీఎన్ రకంలో తల కాస్త వంచితే చాలు, తెలుపు బూడిదరంగవుతుంది. వెలుగు కనీసం 300 నిట్స్ ఉండాలి. మన ఇళ్ళల్లో వీధి గుమ్మం పక్కనే కదా కూర్చునేది! ఓలెడ్ తెరలు కళ్ళు జిగేల్మనిపిస్తాయి. వాటిలో అన్నీ అందంగానే కనిపిస్తాయి, అదే ఇబ్బంది. తీసుకుంటే ఎస్‌ఆర్‌జీబీ మోడ్‌లో పెట్టుకుని పని చెయ్యాలి.

మా ఆడపడుచు ఏం చేసిందో చెప్పనా? హ్యాండ్‌బ్యాగులోంచి రెండు లేసు ముక్కలు తీసింది. ఒకటి పాలతెలుపు, ఒకటి మీగడ. వాటి ఫొటోలే పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంది. ప్రతి లాప్‌టాప్‌లోనూ ఫొటో పెట్టించి, పక్కన లేసు పట్టుకుని చూసింది. మొదటి షాపులో కుర్రాడు నవ్వాడు. రెండో షాపులో యజమానే లేచొచ్చి, “అమ్మా, ఆ చివర ఉన్నదానిలో కూడా చూడండి” అన్నాడు. మొత్తం తొమ్మిది చూశాం. రెండు తెలుపులూ విడివిడిగా కనిపించినవి మూడే.

పేర్లు చూసి మోసపోకండి

లోపలి సరంజామా సంగతి. ర్యామ్ 16 జీబీ ఉండాలి. ఫొటోషాప్ వాళ్ళు 8 తో నడుస్తుందంటారు గానీ 16 ఉంటే మేలని వాళ్ళే చెబుతారు. ఎనిమిది తీసుకుని తర్వాత పెంచుకుందామంటే, చాలా పల్చటి లాప్‌టాప్‌లలో ర్యామ్ బోర్డుకే అతికించేసి ఉంటుంది. “పెంచుకోవచ్చా?” అని ముందే అడిగి బిల్లుమీద రాయించుకోండి. స్టోరేజీ 512 జీబీ ఎస్‌ఎస్‌డీ. పెద్ద కెమెరాతో ‘రా’ ఫొటోలు తీసేవాళ్ళకి ఒక్కొక్కటి పాతిక ఎంబీ వేసుకున్నా, వెయ్యి ఫొటోల పెళ్ళి 25 జీబీ తినేస్తుంది. వాళ్ళకి బయట హార్డ్‌డిస్కు ఒకటి ఎలాగూ తప్పదు.

ప్రాసెసర్ పేర్లు మన పెళ్ళిళ్ళ చుట్టరికాల్లాంటివి, ఓ పట్టాన తేలవు. ఇంటెల్‌లో పాత తరం ఐ సెవెన్ కంటే కొత్త తరం ఐ ఫైవ్ నయం కావచ్చు. ఏఎండీలో రైజెన్ 5 7520యు, రైజెన్ 5 7530యు చూడ్డానికి కవలలే. ఆ 7000 వరసలో మూడో అంకె లోపలి డిజైన్ ఏ తరానిదో చెబుతుంది. అక్కడ 2 ఉంటే 2019 నాటి జెన్ 2 డిజైన్, 3 ఉంటే దాని తర్వాతది, 4 ఉంటే ఇంకా కొత్తది. ‘7000 సిరీస్, లేటెస్ట్ మేడమ్’ అంటే ఆ మూడో అంకె చూడండి చాలు.

గ్రాఫిక్స్ కార్డు విడిగా ఉండాలా? రంగులు సరిచెయ్యడానికీ, నేపథ్యం మార్చడానికీ అక్కర్లేదు. వీడియోలు చేసేవాళ్ళకీ, గింజలుగా వచ్చిన వందల ఫొటోలను నున్నగా చేయించేవాళ్ళకీ పనికొస్తుంది. గేమింగ్ లాప్‌టాప్‌లలో కార్డు బ్రహ్మాండంగా ఉండి తెర నాసిగా ఉండడం కద్దు. ఇక ఆపిల్ మ్యాక్‌బుక్ ఎయిర్ తెర మంచిదే. 2024 అక్టోబరు నుంచి ఆ కంపెనీ దానికి మొదటి ధరలోనే 16 జీబీ ఇస్తోంది. అంతకు ముందరి 8 జీబీవి ‘ఆఫర్’ పేరుతో కనిపిస్తే తొందరపడకండి.

సాఫ్ట్‌వేరుకి నెలనెలా కట్టక్కర్లేకుండా జింప్, డార్క్‌టేబుల్ ఉచితంగా దొరుకుతాయి. మా ఆడపడుచు జింప్‌తోనే నెట్టుకొస్తోంది. మొదట వారం రోజులు తిట్టుకుంది, అది వేరే విషయం!

ఆఫర్ల వెనక

దసరా దీపావళి అమ్మకాలు, జనవరిలో రిపబ్లిక్ డే అమ్మకాలు, జూన్‌లో కాలేజీల సీజన్. తగ్గింపులు ఎక్కువగా కనిపించేది ఈ మూడు సార్లే. కొనాలనుకున్న మోడల్ ధర నెల ముందునుంచే చిట్టాలో రాసుకుంటే, ఎమ్మార్పీ కొట్టేసి చూపించే తగ్గింపులో నిజమెంతో తెలుస్తుంది. 2025 చివర్నుంచి ప్రపంచమంతటా మెమరీ చిప్‌ల ధరలు పెరిగాయి కాబట్టి, రెండేళ్ళ క్రితం పక్కింటావిడ కొన్న రేటు పట్టుకుని బేరమాడితే లాభం లేదు.

ఇంకో కబుర్లు చెబుతారు, జీఎస్టీ తగ్గింది అందుకే ఈ రేటు అని. 2025 సెప్టెంబరు 22న ఏసీలకీ పెద్ద టీవీలకీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది నిజమే. లాప్‌టాప్‌కి అంతకు ముందూ పద్దెనిమిదే, తర్వాతా పద్దెనిమిదే.

‘నో కాస్ట్ ఈఎమ్ఐ’ గురించి కాస్త నిదానంగా వినండి. వడ్డీ లేని వాయిదా అనేది లేదని రిజర్వు బ్యాంకు 2013లోనే బ్యాంకులకి చెప్పింది. ఇప్పుడు జరిగేదేమిటంటే, బ్యాంకు వడ్డీ మూడు వేలనుకోండి, ఆ మూడు వేలు ముందే ధరలో తగ్గిస్తారు, తర్వాత వాయిదాల్లో వసూలు చేస్తారు. ఆ వడ్డీమీద 18 శాతం జీఎస్టీ, అంటే 540 రూపాయలు, మన నెత్తినే. ప్రాసెసింగ్ ఫీజు అదనం. ఒకేసారి కడితే ఇచ్చే తగ్గింపు కూడా ఒక్కోసారి పోతుంది. రెండు లెక్కలూ కాగితంమీద వేయించుకుని చూసుకోండి. చిన్న వ్యాపారానికి తీసుకునేవాళ్ళు ముద్ర పథకంలో శిశు రుణం గురించి బ్యాంకులో అడగొచ్చు, 50 వేల వరకూ ఇస్తారు.

ఆన్‌లైన్లో కొనేటప్పుడు పేరు కాదు, పూర్తి మోడల్ నంబరు చూడాలి. ఒకే పేరుతో, ఒకే రంగు మూతతో, మంచి తెరదీ నాసి తెరదీ రెండూ ఉంటాయి. నంబరులో చివరి రెండు మూడు అక్షరాలే తేడా. ఆ నంబరు కంపెనీ వెబ్‌సైట్లో కొట్టి, ‘ఎస్‌ఆర్‌జీబీ’ అన్న మాట కనిపిస్తేనే ముందుకెళ్ళండి. పార్సిలు విప్పేటప్పుడు వీడియో తీసుకోండి. ఆన్‌లైన్ ధర చూపిస్తే ఊళ్ళో షాపువాళ్ళు కూడా కొంత దిగివస్తారు. పాడైతే ఎదురుగా వెళ్ళి నిలబడే వీలుంటుంది, అది చిన్న విషయం కాదు. మాట వినకపోతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

కంపెనీల్లో వాడి బాగుచేసి అమ్మే సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్‌లు కూడా చౌకే. గట్టి మిషన్లే, కానీ తెరలు చాలావాటికి ఆఫీసు పనికి సరిపోయేంతే. విండోస్ 10కి మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ 11 ఎక్కనిది తీసుకోవద్దు. బ్యాటరీ రిపోర్టు తీయించి మొదట ఎంత సామర్థ్యం, ఇప్పుడెంత అని చూడండి.

మేం చివరికి 62 వేలకి తీసుకున్నాం. అరవై దాటకూడదనుకున్నాం గానీ, ఆ రెండు వేలూ తెరకే పెట్టాం. సగం ఆమె దాచుకున్న లేసు డబ్బులు, సగం డ్వాక్రా అప్పు. బిల్లు రాసే కుర్రాడు పెన్ను తీసి, “సార్ పేరు చెప్పండి మేడమ్” అన్నాడు. మా ఆడపడుచు ఒక్క క్షణం ఆగి తన పేరు చెప్పింది, ఇంటిపేరుతో సహా.

తిరిగొచ్చిన ఆ టేబుల్ క్లాత్‌నే ఉదయం ఎండ ముదరకముందు వరండా నీడలో మళ్ళీ ఫొటో తీసింది. ట్యూబులైటు కింద తీస్తే ఎంత మంచి లాప్‌టాప్ అయినా చచ్చేంత చాకిరీ చేయించుకుంటుంది మరి. కొత్త తెరమీద సరిచేసి నాకు పంపింది. “నీ ఫోన్లో ఏ రంగుంది వదినా?” అని అడిగింది. మీగడ అన్నాను. మా అమ్మాయి ఫోన్లో చూసినా మీగడే. పది రోజులకి విశాఖపట్నం వాళ్ళు తీసుకున్నారు, తిరిగి రాలేదు.

మొన్న వెళ్ళినప్పుడు చూశాను. లాప్‌టాప్ మీద దుమ్ము పడకుండా అంచుకి గులాబీ మొగ్గలతో లేసు కవరు అల్లి కప్పింది. నడుస్తున్నప్పుడు కూడా కప్పే ఉంచుతోంది! వేడెక్కుతుంది, తీసెయ్యమని చెప్పొచ్చాను.