నీళ్లు, కరెంటు, పంపు... ఆ తర్వాతే కార్లు!

"ఆడోలు కార్లు కడగడమేటమ్మా? టిఫిను బండి పెట్టుకోలేకపోయావా?" అని మా వీధిలో చాలామందే అడిగారు. అందరికీ ఒకటే జవాబు చెప్పాను. మా శృంగవరపుకోటలో టిఫిను బండ్లకి కొదవలేదు. అరకు కొండ దిగివచ్చిన బండికి ఒళ్లు కడిగేవాళ్లే కావాలి.

విశాఖపట్నం నుంచి అరకు వెళ్లే రోడ్డు మా ఊరి మీదుగానే పోతుంది. చలికాలం శని, ఆదివారాల్లో కార్ల వరస చూడాలి! అనంతగిరి ఘాట్ ఎక్కి దిగేసరికి చక్రాల గూళ్లలో ఎర్రమట్టి గట్టిపడిపోతుంది. విశాఖ బీచిలో తిరిగి వచ్చిన బండయితే అడుగున ఉప్పు కూడా ఉంటుంది. అలా వదిలేస్తే ఇనుము తుప్పు పట్టేస్తుంది. అయితే టూరిస్టుల్ని నమ్ముకుంటే వ్యాపారం మూడు నెలలే. "మిగతా తొమ్మిది నెలలూ మనల్ని సాకేది ఆటోలు, స్కూలు వ్యాన్లు, మోటారు సైకిళ్లే వదినా" అన్నాడు మా మరిది. ఆ మాట నాకు నచ్చింది. కొనే సామాను ఆటోకీ పనికిరావాలి, పెద్ద కారుకీ పనికిరావాలి.

పెట్టుబడి ఎక్కడిదంటారా? పుస్తెలు తప్ప మిగిలిన బంగారం మీద తెచ్చింది కొంత, డ్వాక్రా గ్రూపులో తీసుకున్నది కొంత, మిగతాది బ్యాంకు లోను. ఒకసారి కొన్నాక నచ్చలేదని మార్చుకునే తాహతు మాకు లేదు. అందుకే రెండు నెలలు విశాఖలోనూ, విజయనగరంలోనూ యంత్రాలమ్మే దుకాణాలు తిరిగాను. నడుస్తున్న సర్వీసింగు షెడ్ల దగ్గర కూర్చుని, ఏది ఎంతసేపు పడుతోందో వాచీ పెట్టుకుని చూశాను.

ముందు నీళ్ల లెక్క

దుకాణంలో అడుగు పెట్టగానే నిగనిగలాడే పంపు చూపిస్తారు. మనం ముందు చూడాల్సింది మన బోరుని. 200 లీటర్ల డ్రమ్ము బోరు కింద పెట్టి, నిండడానికి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోండి. ఎనిమిది నిమిషాలు పడితే నిమిషానికి 25 లీటర్లు, గంటకి 1500. ఈ పరీక్ష మే నెలలో చేయాలి. వర్షాల్లో ఏ బోరైనా దర్జాగానే పోస్తుంది.

ఇక ఖర్చు. మామూలు రబ్బరు పైపుతో నిమిషానికి 20 లీటర్ల చొప్పున ఇరవై నిమిషాలు కడిగితే కారుకి 400 లీటర్లు. నిమిషానికి 12 లీటర్లు చిమ్మే ప్రెషర్ పంపుతో, ట్రిగ్గరు నొక్కి ఉంచే సమయం పది నిమిషాలనుకుంటే 120 లీటర్లు చాలు. రోజుకి పదిహేను కార్లు వచ్చినా 1800 లీటర్లే. కరెంటు పోయినా పని ఆగకుండా నీళ్లు నిల్వ ఉండాలి కాబట్టి మేం 5000 లీటర్ల ట్యాంకు అనుకున్నాం. కొత్తగా బోరు వేయించాలంటే 2002 నాటి వాల్టా చట్టం కింద అనుమతి తీసుకోవాలి. బోరుబండి వాడు "అవన్నీ ఎందుకమ్మా" అన్నా సరే, వదలకండి.

నీళ్లకి కరువొస్తే మొదట దెబ్బ తగిలేది మనలాంటి వ్యాపారాలకే. 2024 మార్చిలో బెంగళూరులో తాగునీటితో బండ్లు కడిగితే 5000 రూపాయల జరిమానా అని ఉత్తర్వు వేశారు. అందుకే మా షెడ్డు రేకుల మీద పడే వాన నీటిని కూడా ట్యాంకులోకి మళ్లిస్తున్నాం. నలభై చదరపు మీటర్ల కప్పు మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే 400 లీటర్లు వస్తుంది. మూడు కార్లకి సరిపోయే నీరు ఊరికే ఎందుకు పోగొట్టుకోవాలి? పైగా వాన నీరు మెత్తన. బోరు నీళ్లలో ఉప్పదనం ఉంటే ఆరాక నల్లకారు మీద తెల్లటి మచ్చలు కడతాయి. చివరి కడుగు వాన నీటితో చేసి, వెంటనే తుడిచేస్తే ఆ బాధ ఉండదు.

వాడిన నీరు ఎటు పోతుందన్నది కూడా ముందే చూసుకోవాలి. మా పక్కది వరి మడి. అందులోకి నూనె నీళ్లు వదిలితే రేపు ఎవరి మొహం చూస్తాం? మూడు గదుల సిమెంటు తొట్టె కట్టించాం. మొదటి గదిలో మట్టి దిగుతుంది, రెండో దాంట్లో నూనె పైకి తేలుతుంది, మూడో దాంట్లోంచి నీరు బయటికి పోతుంది. తేలిన నూనెను వారానికోసారి తీయాలి.

పంపు చెప్పే అబద్ధం పట్టుకోండిలా

ఇళ్లలో వాడే చిన్న ప్రెషర్ వాషర్లు ఆరేడు వేల నుంచి దొరుకుతాయి. చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. వాటి మోటారు వారానికి ఒకసారి అరగంట నడపడానికి చేసింది. పొద్దస్తమానం తిప్పితే కాలిపోతుంది, గ్యారంటీ కూడా వర్తించదు. వ్యాపారానికి కావాల్సింది నిమిషానికి 1440 చుట్లు తిరిగే ఇండక్షన్ మోటారు, ఇత్తడి తల, మూడు సిరామిక్ ప్లంజర్లున్న పంపు. దీని ధర నేనడిగిన చోట్ల రకాన్ని బట్టి ముప్ఫై వేల నుంచి ఎనభై వేల దాకా చెప్పారు.

పెట్టె మీద రాసిన అంకెల్ని పరీక్షించడానికి ఓ చిన్న లెక్క ఉంది. కాగితం మీద రాసి పెట్టుకోండి. ప్రెషర్ ఎన్ని బార్లో, నిమిషానికి ఎన్ని లీటర్లో రెండూ గుణించి 600తో భాగిస్తే కావాల్సిన శక్తి కిలోవాట్లలో వస్తుంది. 120 బార్, 12 లీటర్లు అయితే 2.4 కిలోవాట్లు. పంపులో, మోటారులో కొంత వృథా పోతుంది కాబట్టి మూడు కిలోవాట్లు, అంటే నాలుగు హార్స్‌పవర్ మోటారు కావాలి. ఒక దుకాణంలో రెండు హార్స్‌పవర్ మోటారు చూపించి "200 బార్, 15 లీటర్లు మేడం" అన్నారు. లెక్క కడితే ఐదు కిలోవాట్లు కావాలి. రెండు హార్స్‌పవర్ అంటే ఒకటిన్నరే! ఆ అబ్బాయి ముందే గుణించి చూపించాను. మాట మార్చి టీ తెప్పించాడు.

కారు రంగుకి 100 నుంచి 120 బార్ చాలు. మరీ ఎక్కువ ప్రెషరుతో దగ్గర నుంచి కొడితే పాత రంగు, స్టిక్కర్లు లేచిపోతాయి. నాజిల్ కూడా చూసుకోవాలి. రంగును బట్టి నీటి వెడల్పు తెలుస్తుంది. ఎరుపు సూదిలా ఒకటే ధార, పసుపు 15 డిగ్రీలు, ఆకుపచ్చ 25, తెలుపు 40. కారు ఒంటికి తెలుపు, ఆకుపచ్చ వాడతాం. ఎరుపు నాజిల్‌ని నేను షెడ్డులోనే ఉంచలేదు. ఆ ధార చర్మం మీద పడితే పైకి చిన్న గాటులా కనిపించినా లోపల కండలోకి నీరు దూరిపోతుంది. అలా జరిగితే పసుపు రాసి కూర్చోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి.

కొనేముందు ఇంకో మాట అడగండి: "ప్యాకింగులు, వాల్వులు మీ దగ్గర విడిగా దొరుకుతాయా? ఇప్పుడు చూపించగలరా?" ఇసుక నీళ్లతో ముందు అరిగేవి అవే. చూపించలేని దుకాణం నుంచి నేను దిగివచ్చేశాను. నీరు లోపలికి వెళ్లే చోట ఫిల్టరు తప్పనిసరి. మొదటి యాభై గంటల తర్వాత పంపు నూనె మార్చాలని కూడా చెప్పారు.

వేడినీటి యంత్రాల గురించి కూడా ఊరించారు. జర్మనీ కార్చర్ కంపెనీ 1950లోనే అలాంటిది తయారుచేసింది. గ్రీజు పట్టిన లారీలకు అవి మంచివే. మనకొచ్చే ఎర్రమట్టికి చన్నీళ్లే చాలు. డీజిలు ఖర్చు మిగులు.

చీర కొంగు, తడి కాళ్లు

చాలా షెడ్లలో మోటారుకీ పంపుకీ మధ్య బెల్టు తిరుగుతూ ఉంటుంది. దానికి మూత ఉండదు. మగవాళ్లకి అదో విషయంలా అనిపించదు గానీ, చీర కొంగో చున్నీయో అందులో పడితే ప్రాణానికే ముప్పు. అందుకే మోటారుకి పంపు నేరుగా బిగించినదే తీసుకున్నాను. బెల్టు రకమే దొరికితే ఇనుప జాలీ మూత వేయించనిదే డబ్బు కట్టకండి.

కరెంటు దగ్గర పొదుపు పనికిరాదు. పంపు మూడు కిలోవాట్లు, గాలి కంప్రెషరు ఒకటిన్నర, వాక్యూమ్ క్లీనరు ఒకటి, బోరు మోటారు మరొకటి. కలిపితే ఆరున్నర. అందుకని త్రీఫేజ్ కమర్షియల్ కనెక్షనుకే దరఖాస్తు పెట్టాం. సాయంత్రం పూట మా వైపు ఓల్టేజి పడిపోతుంటుంది, ఓవర్‌లోడ్ రిలే ఉన్న స్టార్టరు లేకపోతే వైండింగు కాలిపోతుంది. వీటన్నిటికంటే ముందు, 30 మిల్లీ యాంపియర్ల ఆర్.సి.సి.బి., మంచి ఎర్తింగు. తడి నేల మీద తడి చేతులతో పనిచేసే మనిషిని షాకు నుంచి కాపాడేది అదే. దాని ధర ఒక మంచి చీర ఖరీదు ఉంటుంది.

బండిని పైకి లేపే హైడ్రాలిక్ లిఫ్టు అందరూ పెట్టించమన్నారు. లక్షన్నర పైమాటే, గొయ్యి తవ్వకం వేరు. దాని బదులు సిమెంటు ర్యాంపు కట్టించాం. కారు ఎక్కించి అడుగున కడగవచ్చు, చెడిపోయేదేమీ లేదు. వాక్యూమ్ మాత్రం తడి, పొడి రెండూ లాగేది తీసుకోవాలి. ఘాట్ రోడ్డులో పిల్లలు వాంతులు చేసుకున్న సీట్లు శుభ్రం చేయడానికి అదే గతి. షాంపూ కార్లకని చేసినదే వాడాలి. బట్టల సోడాతో రంగు మెరుపు పోతుంది, మన చేతులూ పగులుతాయి.

బ్యాంకు సంగతి క్లుప్తంగా చెబుతాను. ఉద్యమ్ రిజిస్ట్రేషను ఉచితం, ఎవరికీ డబ్బివ్వనక్కర్లేదు. పి.ఎం.ఇ.జి.పి. పథకంలో 2022 నిబంధనల ప్రకారం గ్రామీణ ప్రాంత మహిళలకు 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం. కానీ ఆ సబ్సిడీ చేతికి రాదు. మూడేళ్లు బ్యాంకులోనే ఉండి తర్వాత అప్పులో జమవుతుంది. మీరు దరఖాస్తు పెట్టేనాటికి ఏ నిబంధన నడుస్తోందో మేనేజరునే అడగండి. కొటేషను మీద మోడలు నంబరు, మోటారు హార్స్‌పవరు, గ్యారంటీ షరతులు రాయించుకోవడం మరవకండి. డబ్బు నేరుగా దుకాణానికి వెళ్లిపోయాక మన మాట ఎవరూ వినరు.

మా కొటేషన్లు బ్యాంకుకి వెళ్లాయి. నాతోపాటు మా గ్రూపులో ఇద్దరు పనికి వస్తామన్నారు. వాళ్లకి గమ్ బూట్లు కొనబోతే అన్నీ మగవాళ్ల సైజులే. మూడో దుకాణంలో దొరికాయి, ఐదో నంబరువి రెండు జతలు, ఆరో నంబరుది ఒకటి.