గుర్రప్పిల్ల కీలుకు తొలి ఏడాదే ప్రాణం

తెనాలి స్టేషను ముందు జట్కాలు వరసకట్టిన కాలం పోయింది గానీ, మన ప్రాంతంలో గుర్రం పోలేదు. పెళ్ళి ఊరేగింపులకు గుర్రాల్ని పెంచేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. బాపట్ల, రేపల్లె వైపు కొందరు రైతుబిడ్డలు మక్కువకొద్దీ మార్వారీ, కఠియావాడీ జాతి పిల్లల్ని తెచ్చుకుని ఇంటి దగ్గర సాకుతున్నారు. పశువైద్యుడిగా నా ఉద్యోగమంతా ఈ డెల్టాలోనే గడిచింది. ఆవులూ గేదెలూ చూసే మా దగ్గరికి గుర్రం ఎప్పుడో గానీ వచ్చేది కాదు. ఈమధ్య మాత్రం ఫోన్లు వస్తున్నాయి. ఎక్కువగా వినే మాట ఒకటే: "డాక్టరు గారూ, పిల్ల బ్రహ్మాండంగా ఎదిగిందండీ. వెనక కాలి కీలు దగ్గర మాత్రం నీరు పట్టినట్టుంది."

ఆ నీరు నిన్నో మొన్నో పట్టి ఉండొచ్చు. కానీ కీలు లోపల లోటు చాలాసార్లు ఆ పిల్ల తల్లిపాలు తాగే రోజుల్లోనే మొదలై ఉంటుంది. గుర్రాన్ని పెంచేవాళ్ళంతా ముందుగా తెలుసుకోవలసింది ఇదే.

గుర్రప్పిల్ల పుట్టిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. ఆరు నెలలు తిరిగేసరికి పెద్ద గుర్రం ఎత్తులో ఐదింట నాలుగు వంతులు అందుకుంటుంది. ఇంత వేగంగా పెరిగే ఎముకల కొసలు మొదట్లో పూర్తి ఎముక కావు, చాలా మేర గుజ్జే. శ్లాబుకు ముందు సెంట్రింగు కట్టినట్టు గుజ్జు ముందు ఆకారం కడుతుంది, దాని వెనకాలే ఎముక వచ్చి ఆ చోటు నింపుతుంది. పెద్దయ్యాక కీలు గుజ్జులో నెత్తురు నాళాలు ఉండవు. ఎదిగే పిల్లకు మాత్రం వెంట్రుకల్లాంటి నాళాలు ఉంటాయి, తొలి నెలల్లో అవి క్రమంగా మూసుకుపోతాయి. ఎముక ముందుకు జరిగే అంచులో ఒక నాళం వేళకు ముందే దెబ్బతింటే, అది తిండి పెట్టే మేర గుజ్జు చచ్చిపోతుంది. చచ్చిన గుజ్జు ఎముకగా మారదు. అక్కడ మందంగా, బలహీనంగా ఒక మచ్చ మిగిలిపోతుంది. దీన్నే ఆస్టియోకాండ్రోసిస్ అంటాం. పిల్ల బరువు పెరిగి పరుగులు తీసే నాటికి ఆ మచ్చ చీలి, ముక్క ఊడి కీలులో పడితే ఓసీడీ అంటాం.

అయితే తొలి నెలల్లో ఒంటికి తనను తాను బాగుచేసుకునే శక్తి కూడా ఉంటుంది. నెదర్లాండ్స్ పశువైద్యులు ఒకే పిల్లలకు నెల వయసు నుంచి పదకొండు నెలల దాకా పదేపదే ఎక్స్‌రేలు తీసి, చూసిన సంగతులు 1999లో ప్రచురించారు. వెనక కాలి మడమ కీలులో తొలి నెలల్లో కనిపించిన లోపాలు చాలావరకు వాటంతట అవే మాయమయ్యాయి. ఐదో నెల దాటాక మిగిలినవి అలాగే ఉండిపోయాయి. పొట్ట పక్కన ఉండే పై కీలుకు, అంటే మన మోకాలికి సరితూగే కీలుకు, ఆ గడువు సుమారు ఎనిమిది నెలలు. ఆ గడువులో మనం పెట్టే మేతకూ ఇచ్చే కదలికకూ ఎంత విలువ ఉందో దీన్నిబట్టి ఆలోచించండి.

రేపల్లె దగ్గర ఒక పల్లెలో ఏడాది దాటిన పిల్లను చూశాను. ఒళ్ళు నిగనిగలాడుతోంది, నడకలో కుంటు లేదు. వెనక కాలి మధ్యలో వెనక్కి పొడుచుకొచ్చి కనబడేదే మడమ. దాని ముందు లోపలి వైపు మెత్తగా ఉబ్బి ఉంది. బొటనవేలితో నొక్కితే లోపలి నీరు జరిగి, మడమకు వెనక పక్కన చర్మం పొంగింది. వేడి లేదు, పిల్ల కాలు లాక్కోలేదు. నొప్పి లేకపోయేసరికి ఆ ఇంట్లోవాళ్ళు దాన్ని పట్టించుకోలేదు. ఈ జబ్బు చాలాసార్లు ఇలాగే నొప్పి లేకుండా, నీరుతోనే తెలుస్తుంది. ఏం పెడుతున్నారని అడిగితే, "తవుడుకు లోటు లేదండీ, పూటకో బకెట్టు" అన్నారు.

మన సీమలో అసలు చిక్కు ఇక్కడే ఉంది. బాపట్లలో పుట్టిన బీపీటీ 5204 సాంబ మసూరి దేశమంతా పేరు తెచ్చుకుంది, తెనాలి చుట్టూ మిల్లులున్నాయి. తవుడు చేతికి అందుతుంది. కానీ తవుడులో భాస్వరం దండి, కాల్షియం బహు స్వల్పం. గుర్రానికి కాల్షియం భాస్వరం కంటే ఎక్కువ ఉండాలి, కనీసం సమానంగానైనా ఉండాలి. తవుడే ప్రధానమైతే ఒళ్ళు తన ఎముకల్లోంచే కాల్షియం తోడుకుంటుంది. మొహం ఎముకలు ఉబ్బే జబ్బు అలా వచ్చేదే. అది వేరే జబ్బు. కానీ 1993లో ఆస్ట్రేలియా పరిశోధకులు భాస్వరం మోతాదు మించిన మేత పెట్టినప్పుడు పిల్లల గుజ్జులోనూ లోపాలు తేలాయి. అవసరానికన్నా సుమారు 30 శాతం ఎక్కువ బలమైన దాణా పెట్టినా అంతే.

పచ్చిమేతలోనూ జాగ్రత్త కావాలి. పారాగడ్డి, నేపియర్ వంటి గడ్డిలో ఆక్సలేటు ఉంటుంది. గేదె పొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని విరిచేస్తాయి. గుర్రానికి ఆ వసతి లేదు, ఉన్న కాల్షియం కూడా ఆక్సలేటుకు చిక్కి వృథా అవుతుంది. గేదెకు మేలు చేసిన మేతే గుర్రప్పిల్లకు కీడు చేయగలదు.

ఈ జబ్బులో వంశం పాత్ర కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో పెంపకానికి ఎంచే మగ గుర్రాల కీళ్ళకు ఎక్స్‌రే తీసి చూస్తారు. ఇక చికిత్స మాటకొస్తే, హైదరాబాదు మలక్‌పేటలో రేసు గుర్రాలు రెండేళ్ళ వయసుకే పరుగుకు దిగుతాయి. అటువంటి గుర్రాల్లో ఊడిన ముక్కను కీలులోకి పంపే సన్నని కెమెరా గొట్టంతో తీసేసే ఆపరేషన్లు ప్రపంచమంతా మామూలే. మన ఊరేగింపు గుర్రానికి అంత ఖర్చు ఎవరు పెట్టగలరు? అందుకే మనకు ముందు జాగ్రత్తే వైద్యం.

చూలు గుర్రానికి చివరి నెలల్లో రాగి ఉన్న ఖనిజ మిశ్రమం పశువైద్యుణ్ణి అడిగి పెట్టండి. తల్లిపాలలో రాగి తక్కువ. పిల్ల తన కాలేయంలో దాచుకునేది తల్లి కడుపులో ఉండగానే. పిల్లను గొలుసుకు కట్టకండి, మట్టి నేల మీద రోజూ తల్లితో తిరగనివ్వండి. జారే సిమెంటు నేల మీద పరిగెత్తించకండి. తవుడు తగ్గించి, పిల్లిపెసర, లూసర్న్ వంటి కాల్షియం ఉన్న పప్పుజాతి మేత కొంత కలపండి. పక్కటెముకలు చేతికి తగలనంత కొవ్వు పట్టనివ్వకండి. మూడేళ్ళు నిండకుండా పెళ్ళికొడుకును ఎక్కించకండి.

వారానికొకసారి రెండు వెనక కాళ్ళనూ పక్కపక్కన పెట్టి చేత్తో తడిమి చూడండి. ఒక మడమ రెండోదానికన్నా మెత్తగా ఉబ్బితే నొప్పి కోసం ఎదురుచూడకుండా పశువైద్యుడికి చూపించండి, ఎక్స్‌రే తీయించండి. మనకు దగ్గరి పశువైద్య కళాశాల గన్నవరంలో ఉంది. ఐదు నెలల పిల్లకు మేత మారిస్తే కలిగే మేలు, ఐదేళ్ళ గుర్రానికి ఎన్ని మందులు పోసినా కలగదు.