మాత్ర ఒక్కటే చాలదు, పాలూ ఆపాలి

1986 ఏప్రిల్ 28 ఉదయం. పోలండ్ ఈశాన్యాన ఉన్న ఒక పరిశీలన కేంద్రంలో గాలిలో రేడియోధార్మికత ఉన్నట్టుండి పెరిగింది. చెర్నోబిల్ నాలుగో రియాక్టర్ పేలి అప్పటికి రెండు రోజులైంది, సోవియట్ ప్రభుత్వం ఇంకా నోరు విప్పలేదు. పోలండ్ ఆ కబురు కోసం ఎదురుచూడలేదు. మర్నాటి నుంచే పిల్లల చేత పొటాషియం అయోడైడ్ ద్రావణం తాగించింది. కోటి మందికి పైగా పిల్లలకు అందింది. పసికందుల్లో వెయ్యికి నలుగురి లోపు మాత్రమే థైరాయిడ్ కొన్నాళ్లు మందగించి, మళ్లీ సర్దుకుంది.

గొంతు దగ్గరుండే థైరాయిడ్ గ్రంథికి మంచి అయోడినూ, పేలిన రియాక్టర్ నుంచి వచ్చే రేడియోధార్మిక అయోడినూ ఒకటే. ఏది వస్తే దాన్ని దాచుకుంటుంది. పిల్లల గ్రంథి చిన్నది, పైగా ఎదిగే దశలో ఉంటుంది కాబట్టి దెబ్బ గట్టిగా తగులుతుంది. దాన్ని ముందే మంచి అయోడిన్‌తో నింపేస్తే, సీట్లన్నీ నిండిన బస్సులాగా, తర్వాత వచ్చినదానికి చోటుండదు. అది చాలావరకు మూత్రంలో పోతుంది.

అంతా సమయంలోనే ఉంది. రేడియోధార్మిక మేఘం రావడానికి ముందు 24 గంటల్లోపు, లేదా వచ్చాక రెండు గంటల్లోపు పొటాషియం అయోడైడ్ మాత్ర వేసుకుంటే బాగా పనిచేస్తుంది. ఎనిమిది గంటల దాకా కొంత ఫలితం ఉంటుంది. రోజు దాటాక వేసుకుంటే మేలుకన్నా కీడే ఎక్కువ. పెద్దలకు 130 మిల్లీగ్రాములు, మూడు నుంచి పన్నెండేళ్ల వారికి 65, మూడేళ్ల లోపు వారికి 32, నెల లోపు బిడ్డకు 16. సీజియం వంటి ఇతర ధార్మిక పదార్థాలను ఇది ఆపలేదు.

వంటింటి అయోడైజ్డ్ ఉప్పు చాలదా అంటారు కొందరు. కిలో ఉప్పులో 15 మిల్లీగ్రాముల అయోడిన్ ఉందనుకుంటే, పెద్దల మాత్ర ఒక్కదానికి సాటి రావాలంటే ఆరు కిలోలకు పైనే తినాలి! టింక్చర్ అయోడిన్ తాగడం మరీ ప్రమాదం.

పోలండ్ చేసిన రెండో పనిని చాలామంది మరిచిపోతారు. ఆవులను పచ్చిక మేతకు వదలనివ్వలేదు, చిన్నపిల్లలకు పాలపొడి ఇచ్చింది. అయోడిన్-131 అనే ఆ రేడియోధార్మిక అయోడిన్ గడ్డి మీద పడి, ఆవు కడుపులోకి వెళ్లి, పాలలోకి దిగుతుంది. ఎనిమిది రోజులకొకసారి సగమవుతుంది గనుక కొన్ని వారాలు ఆగితే చాలు. బెలారుస్, ఉక్రెయిన్ పల్లెల్లో ఆ పాలు తాగిన పిల్లల్లో ఎందరికో తర్వాత థైరాయిడ్ కేన్సర్ వచ్చింది. ఆ రెండు దేశాల్లో, రష్యాలోని కొన్ని ప్రాంతాల్లో కలిపి 2005 నాటికి బయటపడిన కేసులు ఆరు వేలు దాటాయి. వాటిలో పెద్ద భాగానికి ఆ పాలే కారణమని అంతర్జాతీయ నిపుణులు తేల్చారు.

అణువిద్యుత్ కేంద్రానికి దగ్గర్లో ఉండేవారు అధికారులను అడగాల్సినవి రెండు: మాత్రలు ఎక్కడున్నాయి, పాలు ఆపమని చెప్పేదెవరు?