డెల్టాను కాపాడే చదువులు

ఇంటర్మీడియట్ బైపీసీలో చేరిన పిల్లవాణ్ణి ఏమవుతావని అడిగితే వెంటనే వచ్చే జవాబు 'డాక్టరు'. నీట్‌లో ర్యాంకు రాకపోతే ఏమిటన్న ప్రశ్నకు మాత్రం ఆ పిల్లవాడి దగ్గరగాని, తల్లిదండ్రుల దగ్గరగాని జవాబుండదు. కోచింగులకు పేరుమోసిన విజయవాడలో ఇది ఇంటింటి కథే. వించిపేటలోనైనా, బందరులోనైనా ముస్లిం కుటుంబాల పరిస్థితి ఇంతకు భిన్నంగా లేదు. అప్పుచేసి ఒకటికి రెండుసార్లు లాంగ్ టర్మ్ కోచింగ్ ఇప్పించి, ఆఖరికి చదువు మాన్పించి దుకాణంలో కూర్చోబెట్టేవారూ ఉన్నారు. అదే సైన్సు చదువుతో వెళ్లగలిగిన మరో దారి ఉంది. అది ప్రకృతి వనరుల సంరక్షణ శాస్త్రం.

అడవులు, జంతువుల సంగతి మనకెందుకు అనుకోవడానికి వీల్లేదు. 1855లో పూర్తయిన ఆనకట్ట, దాని స్థానంలో 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ సుమారు 13 లక్షల ఎకరాలకు నీరందించి ఈ డెల్టాను నిలబెట్టాయి. నదిలో ప్రవాహం తగ్గి, తీరంలో బోర్లు పెరిగితే సముద్రపు ఉప్పునీరు భూమి అడుగునుంచి లోపలికి చొచ్చుకువస్తుంది. ఒకసారి ఉప్పుబారిన బావి మళ్లీ తియ్యబడడం అంత తేలిక కాదు. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన దివిసీమలో వేలాదిమందిని పొట్టన పెట్టుకుంది. నదీముఖద్వారాల వద్ద ఉండే మడ అడవులు అలల ఉద్ధృతిని తగ్గిస్తాయి. చేపపిల్లలకు, రొయ్యపిల్లలకు పెరిగే చోటు కూడా అవే.

చేసే పని ఏమిటి?

మడ అడవి చచ్చిపోయిన చోట నేల ఎండి ఉప్పు తేలుతుంది. అక్కడ మొక్క నాటితే బతకదు. చేపముల్లు ఆకారంలో కాలువలు తవ్వి, పోటునీరు వచ్చిపోయేలా చేసి, ఉప్పు తగ్గాక మొక్కలు నాటాలి. ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ కృష్ణా, గోదావరి ముఖద్వారాల్లో ఈ పద్ధతిలోనే పనిచేసింది. కాలువ ఎంత లోతుండాలో, ఏ జాతి మొక్క ఎక్కడ బతుకుతుందో కొలిచి చెప్పేవాడే సంరక్షణ శాస్త్రజ్ఞుడు. హంసలదీవి తీరాన ఆలివ్ రిడ్లే తాబేళ్ల గుడ్లను కాపాడడం, కృష్ణా అభయారణ్యంలో బావురుపిల్లుల లెక్క తీయడం కూడా ఈ పనిలో భాగాలే.

మనుషులను అర్థం చేసుకోవడం కూడా ఇందులో ముఖ్యమే. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేరులో 2006లో చేపల చెరువుల గట్లను కొట్టివేశారు. సరస్సుకు ఊపిరి కావాలి, వాటిమీద బతికినవారికి జీవనాధారమూ కావాలి. ఈ రెండింటినీ తూచి చెప్పగలవారు కావాలి.

సాలిం అలీ బాట

పక్షిశాస్త్రంలో ప్రపంచప్రఖ్యాతి పొందిన సాలిం అలీ 1896లో బొంబాయిలో ముస్లిం కుటుంబంలో పుట్టారు. ఏడాది వయసులోనే తండ్రిని పోగొట్టుకున్నారు. తగిన డిగ్రీ లేదని జువలాజికల్ సర్వేలో ఆయనకు ఉద్యోగం ఇవ్వలేదు. ఖర్చులు భరిస్తే చాలు, జీతం అక్కర్లేదంటూ సంస్థానాల్లో పక్షుల సర్వేలు చేపట్టారు. 1930ల తొలినాళ్లలో హైదరాబాద్ సంస్థానంలో చేసిన సర్వే వాటిలో ముఖ్యమైనది. 1976లో పద్మవిభూషణ్ ఆయనను వరించింది. ఆయన పేరుతో 1990లో కోయంబత్తూరులో పరిశోధన కేంద్రం వెలిసింది.

ఆయనకు లేని సదుపాయాలు నేటి పిల్లలకు ఉన్నాయి. బీఎస్సీలో జంతు, వృక్ష, రసాయన శాస్త్రాలు చదివినవారు డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థలో ఎమ్మెస్సీకి ప్రయత్నించవచ్చు. భోపాల్‌లోని అటవీ నిర్వహణ సంస్థ మరొకటి. భూగర్భజలాలపై ఆసక్తి ఉంటే జియాలజీ, చేపలపై ఉంటే నెల్లూరు జిల్లా ముత్తుకూరు ఫిషరీస్ కళాశాల ఉన్నాయి. సైన్సు డిగ్రీతో యూపీఎస్సీ నిర్వహించే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు పరీక్ష రాయవచ్చు. ఏపీపీఎస్సీ ద్వారా రేంజ్ ఆఫీసర్, ఇంటర్‌తోనే బీట్ ఆఫీసర్ పోస్టులకు పోటీపడవచ్చు.

కష్టాలు లేవని కాదు. పోస్టులు తక్కువ. పరిశోధన ప్రాజెక్టుల్లో ఉద్యోగం రెండు మూడేళ్లకే ముగిసిపోవచ్చు. బురదలో, దోమల్లో, ఊరికి దూరంగా పనిచేయాలి. ఇవన్నీ ముందే తెలుసుకుని ఇష్టపడి వచ్చినవారికే ఈ దారి. ఆడపిల్లలకు ఇది సరిపడదని ముందే తలుపు మూయడం మాత్రం న్యాయం కాదు. సంరక్షణ పరిశోధనలో మహిళలు ఎందరో రాణిస్తున్నారు.

ఉజూ చేసేటప్పుడు సైతం నీటిని వృథా చేయరాదని మసీదులో వింటూనే ఉంటాం. ఆ నీరు ఎక్కడినుంచి వస్తోందో, ఇంకెన్నాళ్లు తియ్యగా ఉంటుందో లెక్కగట్టేవారు కూడా మనలో ఉండాలి. ర్యాంకు రాలేదని పిల్లల్ని నిందించేముందు, వాళ్లకు చెట్టూ చేమా, చేపా పిట్టా అంటే ఇష్టమేమో ఒక్కసారి అడిగి చూడండి.