ఇంట జరిగిన సీమంతము



నేడు నేను ముచ్చటింప దలచిన విషయము సీమంతము. ముప్పదియైదేండ్లు బడిలో తెలుగు చెప్పి విరమించిన పండితునకు ఆడవారి పేరంటముతో పనియేమని మీకు తోచవచ్చును. నాకును మొదట అట్లే తోచినది. కాని గడచిన మాఘమాసమున మా యింటనే ఒక సీమంతము జరిగెను. మా అమ్మాయి తన స్నేహితురాలికి చేసినది. మా అమ్మాయికి రెండేండ్లు నిండని కొడుకు కలడు. ఆ పసివానిని చూచుకొనుచు, వంటవారిని గాని మండపమును గాని కుదుర్చుకొనక, పది దినములలో ఆ వేడుక నెట్లు నడపితిమో, అందు శాస్త్రమెంత, ఆచారమెంత, ఒట్టి యాడంబరమెంత అను సంగతి విన్నవించుటయే నా యుద్దేశము.

మా విశాఖపట్టణము వచ్చి చేరినవారి ఊరు. 1933లో నౌకాశ్రయము తెరువబడినది. 1971లో ఉక్కు కర్మాగారమునకు శంకుస్థాపన జరిగి, 1992లో అది జాతికి అంకితమైనది. ఈ రెండింటిని నమ్ముకొని శ్రీకాకుళమునుండియు, గోదావరీ తీరమునుండియు, ఒడిశా వంగదేశములనుండియు ఎన్నియో కుటుంబములు వచ్చి యిచట నిలిచినవి. ఇట్టి యూరిలో పుట్టినిల్లు ఒక రాత్రి రైలు ప్రయాణము. పొరుగిల్లు ఒక గోడ దూరము. కష్టమునకు సుఖమునకు ముందు పలుకునది పొరుగిల్లే.

మా అమ్మాయి స్నేహితురాలి పుట్టినిల్లు ఒడిశా సరిహద్దున నున్న తెలుగు పల్లె. తండ్రి గతించి రెండేండ్లయినది. అత్తమామలు లేరు. భర్త కర్మాగారమున షిఫ్టుల ఉద్యోగి. ఏడవ నెల నడచుచుండగా ఆమె తల్లి టెలిఫోనులో, తాను చీరయు సారెయు పంపుదుననియు, గాజులు తొడుగుటకు ఎవరైన ముత్తైదువను చూచుకొమ్మనియు చెప్పినదట. ఆ మాట చెప్పి ఆ బిడ్డ కన్నీరు పెట్టుకొనగా, మా అమ్మాయి నా యొద్దకు వచ్చి “నాన్నా, మనింట్లోనే చేద్దాం” అన్నది.

నేను వెంటనే సరేననలేదు. సీమంతము పుట్టినింటివారో అత్తింటివారో చేయవలసినది గాని స్నేహితులు చేయుట కలదా? పైగా ఏడవ నెలలో చేయవచ్చునా? ఇట్టి శంకలు నాకు కలిగినవి. శంక కలిగినప్పుడు పుస్తకము తీయుట నా అలవాటు. తీసితిని. అందు నాకు కనబడిన సంగతులు మీకును చెప్పెదను.

సీమంతమనగా పాపట. సీమ యొక్క అంతము సీమాంతము కావలసియుండగా, తల వెండ్రుకల విషయమున మాత్రము సీమంతమని హ్రస్వమగునని వ్యాకరణము. పాపటను పైకి తీయుట సీమంతోన్నయనము. ఇది షోడశ సంస్కారములలో నొకటి. ఆంధ్రదేశమున అనేకులు అనుసరించు ఆపస్తంబ గృహ్యసూత్రము దీనిని తొలి గర్భమున, నాలుగవ నెలలో చేయుమన్నది. పారస్కరుడు ఆరవ నెలయో ఎనిమిదవ నెలయో అన్నాడు. గోభిలుడు ఈ మూడింటిని ఒప్పుకొన్నాడు. మన యిండ్లలో ఐదవ, ఏడవ నెలలలో చేయుట వాడుక. కావున నెల విషయమున ఋషులకే ఏకాభిప్రాయము లేదు. మనము కలహింప బని లేదు.

ఇక క్రియ. భర్త మూడు చుక్కలు గల ఏదుపందిముల్లు, మూడు దర్భలు, పచ్చి మేడికాయల గుత్తి చేతబట్టుకొని భార్య పాపటను పైకి తీయవలెను. వీణ వాయించు వారిద్దరిని పాడుమనవలెను. ఆ పాటలో తాము ఏ నది యొడ్డున నివసించుచున్నారో ఆ నది పేరు రావలెను. మొలకెత్తిన యవలను ఆమెకు కట్టి, చుక్కలు పొడుచు వరకు మౌనముగా నుండవలెను. గోభిలుడు మరియొక ముచ్చట చెప్పినాడు. నువ్వులు బియ్యము కలిపి వండిన పులగముపై నేయి పోసి భార్యకు చూపి, అందేమి కనబడుచున్నదని భర్త యడుగవలెనట. సంతానము కనబడుచున్నదని ఆమె బదులు చెప్పవలెనట. ఎంత చక్కని వేడుక!

ఈ కాలవిషయమున వైద్యశాస్త్రము చెప్పిన మాటయు తలపదగినది. నాలుగవ నెలలో కడుపులోని శిశువు హృదయము వ్యక్తమగుననియు, అప్పటినుండి తల్లి రెండు హృదయములు గలది గనుక ఆమె కోర్కెలు తీర్పవలెననియు సుశ్రుతుడు వ్రాసెను. గుండె కొట్టుకొనుట రెండవ నెలలోనే మొదలగునని నేటి వైద్యులు యంత్రములతో చూపుచున్నారు. నెల మారినను తాత్పర్యము మారలేదు. ఆ దినమున ఆ యింట అందరి కంటె ముందుగా మన్నింపబడవలసినది గర్భిణి.

ఇంత చదివిన పిమ్మట నా కొక సంగతి స్ఫురించెను. సూత్రములలో గాజులు లేవు, చలిమిడి లేదు, ఒడి నింపుట లేదు, అత్తింటి పుట్టింటి పంతములు లేవు. ఇవి యెక్కడనుండి వచ్చినవి? దీనికి సమాధానము ఆశ్వలాయనుడు చెప్పియున్నాడు. ఈ కర్మయందు పెద్ద ముత్తైదువలు ఏది చెప్పుదురో అది చేయవలెనని ఆయన విధించెను. అనగా, పుస్తకము తానే తలుపు తెరచి ఆడవారిని లోనికి పిలిచినది. గాజులును చలిమిడియు ఆ తలుపు గుండా వచ్చినవే. స్నేహితురాలు చేయరాదని యెవరును అనలేదు. నేను పుస్తకము మూసి “చేయుదము” అంటిని.

ఇక ఏర్పాటుల సంగతి. పసిబిడ్డ గల యిల్లాలు పేరంటము తలపెట్టినప్పుడు పంచాంగముతోపాటు బిడ్డ నిద్రవేళయు చూడవలెను. ఆ దినమున మంచి వేళలు రెండు కనబడినవి. మధ్యాహ్నపు వేళకు మావాడు నిద్రకు మారాము చేయును గనుక ఉదయము పదిగంటల వేళను నిశ్చయించితిమి. పదునైదుగురిని మాత్రమే పిలిచితిమి. పనిని పది దినములకు పంచి, వాడు నిద్రించు గంటలో ఏది తెమలునో అదియే ఆనాటి పనిగా పెట్టుకొన్నది మా అమ్మాయి. పులిహోర పులుసు రెండు దినములు ముందే ఉడికించి దాచినది. పసుపు, కుంకుమ, గంధము, అక్షతలు, రవికెగుడ్డలు ఒక పళ్లెరమున సర్ది బీరువాపై కెక్కించినది. పువ్వులు, తమలపాకులు, పండ్లు తెల్లవారిన తరువాతనే.

చలిమిడి మాత్రము ముందునాడు చేసితిమి. బియ్యము రాత్రియంతయు నానబెట్టి, నీరు వంచి, గుడ్డపై ఆరవేసి, తడి యారక మునుపే దంచి జల్లించవలెను. పిండి ఆరనీయరాదు, మూతబెట్టి అదిమి యుంచవలెను. బెల్లము కరగించి వడగట్టి పాకము పట్టి, నీటిలో వేసిన చుక్క మెత్తని యుండ యైనప్పుడు దించి, ఏలకులపొడియు నేతిలో వేయించిన కొబ్బరిముక్కలును వేసి, పిండి కొంచెము కొంచెముగా కలుపవలెను. పాకము ముదిరిన చలిమిడి రాయి యగును, లేతదైన జారిపోవును. నా భార్య యుండగా నే నెన్నడును ఈ పనికి చేయి పెట్టలేదు. ఆమె గతించి అయిదేండ్లయినది. ఈసారి పాకము కలుపు గరిటె నా చేతికి వచ్చినది. కడుపు చల్లగా నుండవలెనని గర్భిణికి పెట్టు చలిమిడికి ఎంత చెమట యోడ్చవలెనో అరువది దాటిన పిదప తెలిసికొంటిని.

గరిటె లేనప్పుడు నా చేతిలో మనుమడు. రెండేండ్ల బాలుని ఒక గంట కూర్చుండబెట్టుట నలుబదిమంది చేత అమరము వల్లె వేయించుటకన్న కష్టము. పూర్ణా మార్కెట్టునుండి తెచ్చిన గాజుల పెట్టెను నేను బల్లపై నుంచి కండ్లద్దములు వెదకుకొనుచుండగా వాడు లాగివేసినాడు. తొమ్మిది గాజులు చిట్లినవి. వానికి గీత కూడ పడలేదు. కాని వచ్చియున్న ఇరుగుపొరుగు ఆడవారి మొగములు వెలవెలబోయినవి. శుభకార్యమునకు ముందు గాజు చిట్లుట అపశకునమని వారి భయము. అప్పుడు పొరుగింటి పెద్దమ్మగారు “దిష్టి పోయిందిలే, మంచిదే” అనెను. అందరును నవ్విరి. మన ఆడవారి భాషలో ఇట్టి దయ యెంతో కలదు. దీపము ఆరినదనరు, కొండెక్కినదందురు. బియ్యము లేవనరు, నిండుకొన్నవందురు. జరిగిన దానిని మార్చలేనప్పుడు దాని పేరు మార్చి మనస్సును నిలుపుకొనుట వారి విద్య. అయినను పసివాడు తిరుగు ఇల్లు గనుక నేలను తడిగుడ్డతో ముమ్మారు తుడిచితిమి. గాజులు, దీపము, కుంకుమ పిల్లలకందని యెత్తున నుండవలెనని ఈ సందర్భమున నా విన్నపము.

ఆ దినము వచ్చినది. పీటకు బదులు వీపునకు దిండు పెట్టి కుర్చీపై ఆ బిడ్డను కూర్చుండబెట్టితిమి. కిటికీలు తెరచితిమి. పొగ తగులకుండ హారతి దూరముగా నుంచితిమి. మొదటి విస్తరి ఆమెకే. పదునైదుగురు తినువరకు గర్భిణిని నిలిపి మర్యాద యనుట మర్యాద కాదు. చలిమిడియు పాయసమును వైద్యురాలు చెప్పిన మేరకే పెట్టితిమి.

ఇక చెప్పవలసినది ఆమె తల్లి సంగతి. చీరయు సారెయు పంపుదునన్న తల్లి మనసాగక తానే వచ్చెను. రైలు దిగి, కాళ్లు కడిగికొని, నేరుగా వెనుకగదిలోనికి పోయి కూర్చుండెను. ఆడవారందరు పనిలో నుండగా మావాడు ఆమె ఒడి చేరినాడు. ఆమెయే వానికి పాలన్నము పెట్టి, కథ చెప్పి, చంకనెత్తుకొని తిప్పినది. ఆమె వానిని పట్టుకొనకున్న ఆనాడు పులిహోరయు లేదు, పేరంటమును లేదు.

వేళ సమీపించెను. నన్ను పెద్దవాడనని పిలిచి ముందు కుర్చీలో కూర్చుండబెట్టి, అక్షతల పళ్లెరము నా చేతికిచ్చిరి. అప్పుడు నాకు సిగ్గు కలిగినది. భార్య గతించిన నేను ముందు కుర్చీలో. భర్త గతించిన ఆమె వెనుకగదిలో. కన్నతల్లి ఆమె, నేను ఎవ్వడను? ముప్పదియేండ్ల క్రిందట, ఈ మా అమ్మాయియే కడుపున నున్నప్పుడు, నా భార్య సీమంతమునాడు మా అమ్మ యిట్లే వంటయింటి తలుపు చాటున నిలుచుండెను. నేను చూచితిని. చూచియు పలుకలేదు. ఆచారమని యూరకుంటిని. మా అమ్మ యిప్పుడు లేదు.

లేచి వెనుకగదికి పోయి, మొదటి గాజు మీరే తొడుగవలెనంటిని. ఆమె వణకుచు “వద్దండీ మాస్టారూ, నా చెయ్యి తగిలి పిల్లకేమైనా అయితే ఓర్చుకోలేను” అన్నది. ఆమె భయము తన కొరకు కాదు. ఆ భయమును నేను తేలికచేసి మాటలాడలేదు. శాస్త్రము మాటుమణిగినదనియు బొంకలేదు. ఆశ్వలాయనుడు చెప్పిన పెద్దలు భర్తయు బిడ్డలును జీవించియున్న స్త్రీలే. అది నిజము. కాని ఆపస్తంబుడు తన ధర్మసూత్రమును ముగించుచు, మిగిలిన ధర్మములు స్త్రీలనుండియు సర్వవర్ణములవారినుండియు తెలిసికొనవలెనని కొందరి మతముగా చెప్పినాడు. తండ్రికంటె తల్లి వేయిరెట్లు గౌరవింపదగినదని మనువు చెప్పినాడు. “అమ్మా, ఉదయమునుండి ఈ యింటి బిడ్డ మీ చేతులలో నున్నాడు. మాకు భయము కలుగలేదు. మీ బిడ్డ విషయమున మీకేల?” అంటిని.

ఆమె బదులు చెప్పలేదు. మావాడు ఆమె మెడ వదలలేదు. వానిని దింపజూచిన ఏడ్చును. వానిని చంక నుంచుకొనియే ఆమె ముందు గదిలోనికి వచ్చి, ఒక చేతితో వానిని పట్టుకొని, రెండవ చేతితో కూతురికి మొదటి గాజు తొడిగినది. ఆ కూతురు తల్లి చేతిని చాలసేపు విడువలేదు. వచ్చినవారిలో ఒకరిద్దరు మొగము త్రిప్పుకొనిరి. మిగిలినవారు తమ వంతు గాజులు తెచ్చుకొనిరి.

వీణ లేదు, పొరుగింటి పెద్దమ్మగారు మంగళహారతి పాడిరి. నది పేరు తలపవలెనను సూత్రము జ్ఞప్తికి వచ్చి, మా నగరమునకు త్రాగునీరిచ్చు మేఘాద్రిగెడ్డ పేరు చెప్పి నేను అక్షతలు వేసితిని. వంగదేశపు పొరుగువారు పాయసము వండి తెచ్చి, తమ దేశమున దీనిని సాధ్ అందురనిరి, సాధమనగా కోరిక. అరవవారు వళైకాప్పు అని గాజుల పేరుతో, మహారాష్ట్రులు డోహాళేజేవణ్ అని వేవిళ్ల విందు పేరుతో ఈ వేడుకనే చేయుదురు. 2018లో ఆరంభమైన పోషణ అభియానము క్రింద అంగన్‌వాడీలలోను సీమంతములు జరుపుచు, గర్భిణులకు ఆహారనియమములు తెలుపుచున్నారు. పేర్లు వేరైనను అన్నిటి సారమొక్కటే: నీవు ఒంటరివి కావని ఆమెకు తెలియజెప్పుట.

కావున శ్రోతలారా, మండపము లేదని మానుకొనకుడు, పసిబిడ్డ యడ్డమని వెనుదీయకుడు. శేరు బియ్యపు చలిమిడి, నాలుగు డజనుల గాజులు, పదిమంది ఆప్తులు చాలును. కాని పని మొదలిడుటకు ముందు మీ యింటి వెనుకగది ఒకమారు చూడుడు. అచట ఎవరైన కూర్చుండియున్న, ముందు వారిని పిలువుడు.

ఆ బిడ్డకు చైత్రమాసమున సుఖప్రసవమై ఆడపిల్ల కలిగినది. తల్లియు బిడ్డయు క్షేమము. అమ్మమ్మ ఇప్పుడు ఆ యింటనే యున్నది.

స్వస్తి.