వాస్తవ విశ్లేషణలో జవాబు దొరకని ప్రశ్నలు

"మాస్టారూ, సావనీరుకి మీరూ ఏదైనా రాయాలి. లెక్కలు మాత్రం వద్దండి" అన్నాడు మన యూనియన్ కార్యదర్శి. లెక్కల మాస్టారు లెక్కలు కాక ఇంకేం రాస్తాడు? పైగా ఒక లెక్క విషయంలో నేను ఈ కాలేజీకి బాకీ పడి ఉన్నాను. అది తీర్చుకోడానికి ఇంతకన్నా మంచి సందర్భం రాదనిపించి కలం పట్టాను.

మన విద్యార్థుల్లో చాలామందికి గణితమంటే పుస్తకం చివరి పేజీల్లో జవాబులున్న శాస్త్రం. డిగ్రీ సిలబస్‌కి ఒక్క అడుగు అవతలే ఎవరికీ జవాబు తెలియని ప్రశ్నలున్నాయని మేమూ చెప్పం, వారూ అడగరు. ఒకసారి ఒక కుర్రాడు అడిగాడు.

కొన్నేళ్ళ క్రితం సంగతి. బి.ఎస్సీ. రెండో సంవత్సరం వారికి అనంత శ్రేణులు చెబుతున్నాను. 1, 1/2, 1/3, 1/4 ఇలా కూడుకుంటూ పోతే మొత్తం ఎంత పెద్ద సంఖ్యనైనా దాటిపోతుంది. ఇది అపసరణ శ్రేణి. హారాల్లో ఘనాలు పెట్టి 1, 1/8, 1/27 అని కూడితే మొత్తం 1.202 దగ్గర కుదురుకుంటుంది. ఇది అభిసరణ శ్రేణి. ఇంతవరకూ చెప్పేసరికి వెనక బెంచీ కుర్రాడొకడు లేచాడు.

"మాస్టారూ, హారంలో ఎన్ ఘనాన్ని సైన్ ఎన్ వర్గంతో గుణిస్తే ఏమవుతుందండీ?"

"ఘనం ఉంది కదయ్యా! అభిసరిస్తుంది. పోలిక పరీక్ష పెట్టి చూసుకో."

"సైన్ మరీ చిన్నదైపోతే హారం కూడా చిన్నదవదాండీ?"

"కూర్చోవయ్యా, సిలబస్ ఇంకా బోలెడుంది" అన్నాను. కూర్చున్నాడు. ఆ ఏడాది మళ్ళీ ఒక్క ప్రశ్న కూడా అడగలేదు.

ఆ రాత్రి ఇంట్లో కాల్క్యులేటర్ పెట్టుకుని కూర్చున్నాను. నేను చెప్పిన పోలిక పరీక్ష ఇక్కడ అసలు పనికిరాదని రెండు నిమిషాల్లో తెలిసింది. సైన్ వర్గం 1కి మించదు కనుక ఈ శ్రేణిలో ప్రతి పదమూ ఘనాల శ్రేణిలోని పదం కన్నా పెద్దదే. అభిసరించే శ్రేణి కన్నా చిన్నదైతే అభిసరిస్తుందని చెప్పవచ్చు గాని, పెద్దదైతే ఏమీ చెప్పలేం. సరే, కూడి చూద్దామని 100 పదాలదాకా కూడాను. మొత్తం 4.8 దగ్గర కదలకుండా నిలబడింది. "నేనన్నదే నిజం" అనుకుని హాయిగా నిద్రపోయాను.

అసలు కథ 355వ పదం దగ్గర ఉంది. సైన్ విలువ సున్నాకి చేరువయ్యేది సంఖ్య పై యొక్క ఏదో ఒక గుణిజానికి చేరువైనప్పుడు. హైస్కూల్లో పై అంటే 22/7 అని నేర్చుకున్నాం. అంటే 22 అనే సంఖ్య 7 పైలకు దగ్గర. అందుకే 22వ పదం ఒక్కటే దాదాపు 1.2 ఉంటుంది. చైనా గణితజ్ఞుడు జు చోంగ్జీ 5వ శతాబ్దంలోనే ఇంతకన్నా మంచి భిన్నం చెప్పాడు: 355/113. 355కీ 113 పైలకీ తేడా 0.00003 మాత్రమే. దాని వర్గం నూరు కోట్లలో ఒక వంతు కన్నా తక్కువ. 355 ఘనం సుమారు 4 కోట్ల 47 లక్షలు. గుణించి తిరగేస్తే ఆ ఒక్క పదం విలువ 24.6! అప్పటిదాకా 4.8 దగ్గర బుద్ధిగా ఉన్న మొత్తం ఒక్క గంతులో 29.4కి ఎగిరింది.

ఇలాంటి గంతులు ముందు ముందు ఇంకెన్ని ఉన్నాయి? అవి ఎంతెంత పెద్దవి? ఎవరికీ తెలియదు. ఈ శ్రేణిని ఫ్లింట్ హిల్స్ శ్రేణి అంటారు. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రపు కొండల పేరది. క్లిఫర్డ్ పికోవర్ 2002లో తన పుస్తకంలో దీన్ని ప్రచారంలోకి తెచ్చాడు. ఇది అభిసరిస్తుందో లేదో ఇప్పటికీ తేలలేదు.

చిక్కంతా పైలో ఉంది. ఒక కరణీయ సంఖ్యకు భిన్నాలు ఎంత చేరువగా రాగలవో కొలిచే ఘాతాంకం ఒకటుంది. ఏ కరణీయ సంఖ్యకైనా అది కనీసం 2. పై విషయంలో అది 42కి మించదని 1953లో మాలర్ నిరూపించాడు. తర్వాతివారు తగ్గిస్తూ వచ్చారు. 2020లో జైల్‌బర్గర్, జుదిలిన్‌లు 7.11 కన్నా కిందికి దించారు. మన శ్రేణి అభిసరిస్తే ఆ ఘాతాంకం 2.5కి మించకూడదని 2011లో మాక్స్ అలెక్సెయెవ్ చూపించాడు. అంటే మా కుర్రాడి ప్రశ్నకు "అవును" అని నిరూపించిన వాడు 7.1 నుంచి 2.5కి ఒక్క ఊపులో దిగినట్టే!

ఇక్కడే మాపనం, అంటే కొలత సిద్ధాంతం, తమాషా చేస్తుంది. "దాదాపు అన్ని" వాస్తవ సంఖ్యలకూ ఆ ఘాతాంకం సరిగ్గా 2. అలా కాని సంఖ్యలన్నిటినీ కలిపి, మొత్తం పొడవు మనమెంత చిన్నది కోరితే అంత చిన్నదయ్యే అంతరాలతో కప్పేయవచ్చు. పై బదులు కళ్ళు మూసుకుని ఏ సంఖ్యను తీసుకున్నా శ్రేణి అభిసరిస్తుందని ధైర్యంగా చెప్పవచ్చు. కాని పై అనే ఈ ఒక్కదాని గురించి చెప్పలేం. ఊరందరి సంగతీ తెలిసి పక్కింటివాడి సంగతి తెలియనట్టుంది మన పరిస్థితి.

కొలతలోనే ఇంకో ప్రశ్న. పొడవు సున్నా కాని ఏ సమితిలోనైనా, మీరిచ్చిన పరిమిత బిందువుల అమరికను కుదించి, జరిపి ఇమడ్చవచ్చు. ఇది 1920లో స్టైన్‌హౌస్ చెప్పిన మాట. బిందువులు అనంతమైతే? ఏ అనంత సమితి తీసుకున్నా, దాన్ని ఎంత కుదించినా ఇమడని సమితి ఒకటి ఉంటుందా అని 1974లో ఎర్డిష్ అడిగాడు. మెల్లగా తగ్గే అనుక్రమాలకు ఉంటుందని 1984లో ఫాల్కనర్ నిరూపించాడు. కాని 1, 1/2, 1/4, 1/8 అనే, ఇంటర్ కుర్రాళ్ళకు కూడా తెలిసిన ఈ శ్రేఢికి మాత్రం జవాబు లేదు.

ప్రమేయాల సంగతీ అంతే. వర్గం సమాకలనీయమైన ప్రమేయం ఫూరియర్ శ్రేణి దాదాపు ప్రతి బిందువు దగ్గరా అభిసరిస్తుందా అని 1915లో లూజిన్ అడిగితే, 1966లో కార్లెసన్ "అవును" అని నిరూపించాడు. అర్ధశతాబ్దం పట్టింది. రెండు చలరాశుల ప్రమేయాల్లో పదాలను చతురస్రాలుగా కూడితే ఇబ్బంది లేదు. వృత్తాలుగా కూడితే? తెలియదు. ఇవన్నీ ఎక్కడో దూరదేశపు గొడవలనుకోవద్దు. వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయ ఆచార్యులుగా ఉన్న మీనాక్షిసుందరంగారు చంద్రశేఖరన్‌గారితో కలిసి శ్రేణుల సంకలనం మీద 1952లో రాసిన గ్రంథం ఈ రంగంలో పేరున్నదే.

ఇక నా బాకీ. 355వ పదం సంగతి నాకు తెలిసేసరికి ఆ కుర్రాడు పరీక్షలు రాసి వెళ్ళిపోయాడు. చెబుదామంటే చిరునామా లేదు. ఈ సంచిక పూర్వవిద్యార్థులకు కూడా పంపుతారట. అతని చేతికీ చేరవచ్చు. పేరు రాయను, చదివితే తనే గుర్తుపడతాడు.

బాబూ, ఆ రోజు నువ్వడిగింది సరైన ప్రశ్న. నేను చెప్పింది తప్పు జవాబు. సరైన జవాబు "నాకు తెలియదు". మర్నాడైనా ఆ మాట చెప్పి ఉంటే నువ్వు ఇంకో పది ప్రశ్నలు అడిగేవాడివేమో. ఇప్పుడు అనంత శ్రేణుల పాఠం మొదలుపెట్టే రోజున బోర్డు మీద ముందు నీ శ్రేణే రాస్తున్నాను. కింద జవాబు రాయకుండా వదిలేస్తున్నాను.