సాల్మన్ వేట నేర్పు పాఠము: మేత కొలది చేప

అమెరికాలోని మిషిగన్ సరస్సు మంచినీటి సముద్రము వంటిది. అచట పడవల యజమానులు రుసుము పుచ్చుకొని, వేటకు వచ్చినవారిని సాల్మన్ చేపల కొరకు సరస్సులోనికి తీసికొనిపోవుదురు. పడవను గంటకు 2, 3 మైళ్ళ వేగమున మెల్లగా నడుపుచు, వెనుక గాలములను లాగుదురు. సాల్మన్ చల్లని నీటిని కోరును. వేసవిలో పైనీరు వేడెక్కగా లోతునకు దిగును. కావున తీగకు కట్టిన బరువైన సీసపు గుండుతో గాలపు దారమును అంత లోతునకును దింపుదురు. చేప పట్టగానే దారము గుండునుండి విడివడును.

ఈ చేప ఆ సరస్సున పుట్టినది కాదు. కాలువల మార్గమున వచ్చి చేరిన ఆల్‌వైఫ్ అను చిన్న చేప, దానిని తిను పెద్ద చేపలు క్షీణించుటచే, మితిమీరి పెరిగెను. దానిని అదుపు చేయుటకును, వేటను వృద్ధిచేయుటకును 1966లో కోహో, 1967లో చినూక్ జాతి సాల్మన్ పిల్లలను వదలిరి. వేట వర్ధిల్లెను.

కాని పొరుగునున్న హ్యూరన్ సరస్సులో 2004 నాటికి ఆల్‌వైఫ్ దాదాపు నశించగా, చినూక్ వేటయు పడిపోయెను. దానిపై బ్రతుకు పడవలవారు నష్టపడిరి. అందుచేత మిషిగన్ సరస్సులో మేతచేపల రాశిని చూచియే పిల్లలను వదలుచున్నారు.

మీ చెరువునకును ఇదే సూత్రము. మేత ఎంత కలదో చూచిన పిమ్మటనే చేపపిల్లలు ఎన్ని వదలవలెనో నిర్ణయించుకొనుడు.